ఆ మాట తిట్టెందుకైంది?

"ఏటిరా, ఆడంగిలాగ!" గాజువాక టీ కొట్ల దగ్గర ఈ మాట నా చెవిన పడని వారం లేదు.

మరి స్థానం నరసింహారావు గారి సంగతేంటి? స్టేజీ మీద సత్యభామగా, గురజాడ వారి మధురవాణిగా మెప్పించిన మగాడు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. అప్పట్లో ఆడవాళ్లు నాటకాల్లోకి రావడం అరుదు, అందుకే వేశారంటారా? నిజమే. కానీ ఆ సున్నితత్వం మగాడికీ వస్తుందని తేలిందిగా!

స్టేజీ మీదైతే చప్పట్లు, ఇంట్లో అయితే వెక్కిరింతలా?

నాకు తెలిసిన ఒకాయన స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ దిగొచ్చి, పాపకి రెండు జడలేసి స్కూలుకి పంపుతాడు. ఫర్నేస్ దగ్గర ఎంత మగాడో, దువ్వెన పట్టినప్పుడూ అంతే.

ఏడుపొస్తే ఏడవండి తమ్ముళ్లూ. ఈసారి ఎవరైనా ఆ మాటంటే, "థాంక్సన్నా" అనేయండి.