ఓడిపోవడానికి కూడా ఆట దొరకాలి

ఖిల్లా ఘణపూర్: జూన్ నెల వచ్చిందంటే జూనియర్ కాలేజీల ముందు తండ్రులు బారులు తీరుతారు. ఫీజు ఎంత, హాస్టలు ఉందా, బస్సు వేళకు వస్తుందా, నిరుడు ఎంతమంది పాసయ్యారు అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నలే. కాని "కాలేజీకి గ్రౌండు ఉందా? ఏడాదికి మా వాడితో ఎన్ని ఆటలు ఆడిస్తారు?" అని అడిగిన తండ్రి ఈ విలేఖరికి ఇంతవరకు తారసపడలేదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగనిదే కాలేజీ మాత్రం ఎందుకు ఆడిస్తుంది?

ఈ ప్రశ్న ఎందుకు అడగాలో తెలియాలంటే ఒక కాలేజీ జట్టు సంగతి చెప్పుకోవాలి. అది మన జట్టు కాదు. ఆడింది మన ఆటా కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు ఫ్రెస్నో స్టేట్ విశ్వవిద్యాలయం జట్టు. ఆట బేస్‌బాల్. సంవత్సరం 2008.

బేస్‌బాల్ మన పల్లెల్లో పెద్దగా ఆడే ఆట కాదు గనుక నాలుగు మాటలు. జట్టుకు తొమ్మిది మంది. రోకలిలా గుండ్రంగా ఉండే బ్యాటుతో, గాలిలో దూసుకొచ్చే బంతిని కొట్టి, నాలుగు మూలల్లో ఉండే నాలుగు స్థానాలను చుట్టి వస్తే ఒక పరుగు. ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్. క్రికెట్ తెలిసినవాడికి ఒక పూట చూస్తే అర్థమవుతుంది. చిర్రగోనె ఆడినవాడికి ఇంకా తొందరగా అర్థమవుతుంది.

పాలమూరు వంటి ఊరే

ఫ్రెస్నో అనగానే అద్దాల మేడలు ఊహించుకోనక్కరలేదు. అది శాన్ వాకీన్ లోయలోని వ్యవసాయ పట్నం. వాన తక్కువ, కాలువ నీళ్లే ఆధారం. అమెరికాలో తయారయ్యే ఎండుద్రాక్షలో దాదాపు అంతా ఆ పట్నం చుట్టుపక్కల తోటల నుంచే వస్తుంది. కోతలకు వలస కూలీలు రావాలి. 2005లో బ్రూకింగ్స్ అనే పరిశోధన సంస్థ అమెరికాలోని 50 పెద్ద నగరాలను పోల్చి చూసి, పేదరికం ఒకేచోట గూడు కట్టుకున్న నగరాల్లో ఫ్రెస్నోదే మొదటి స్థానమని తేల్చింది. ఆ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు శిరస్త్రాణాల మీద ఆకుపచ్చ రంగులో 'వి' అనే అక్షరం ఉంటుంది. ఆ లోయకు, అక్కడి రైతులకు అది గుర్తు. మన వలసలు, మన కాలువల కోసం ఎదురుచూపులు తెలిసినవారికి ఆ ఊరు పరాయి ఊరుగా తోచదు.

2008లో ఆ జట్టు సీజన్ మొదలుపెట్టిన తీరు చూస్తే ఎవరూ పందెం కాయరు. మొదటి 20 ఆటల్లో 12 ఓడింది. అందరికన్నా వేగంగా బంతి విసిరే టానర్ షెపర్స్ మే నెలలో భుజం ఎముక దెబ్బతిని ఆటకు దూరమయ్యాడు. అయినా జట్టు తమ ప్రాంతీయ పోటీ గెలిచి జాతీయ పోటీల్లో అడుగుపెట్టింది. అక్కడ 64 జట్లు, నాలుగేసి చొప్పున 16 గుంపులు. తన గుంపులో ఫ్రెస్నోకు ఇచ్చిన స్థానం నాలుగోది, అంటే చిట్టచివరిది. బలమైన జట్లకు మొదటిరోజు అలవాటు ఆట కోసం పిలిచినట్టు పిలిచారన్నమాట.

ఆ చివరి జట్టే దేశానికి విజేత అయింది. అంత కింది స్థానం నుంచి వచ్చి ఆ పోటీ గెలిచిన జట్టు అంతకుముందు లేదు.

ప్రతి మెట్టు మీదా ఒక ఓటమి

ఇక్కడ పాఠకులు ఒక సంగతి నిదానంగా గమనించాలి. మొదటి మెట్టు, నాలుగు జట్ల గుంపులో ఫ్రెస్నో ఒక ఆట ఓడింది. రెండో మెట్టు, అరిజోనా స్టేట్ మీద మొదటి ఆటే 12-4 తేడాతో ఓడింది. తరువాత వరుసగా రెండు గెలిచి, చివరి 8 జట్లు తలపడే ఒమాహా నగరానికి చేరింది. ఒమాహాలో రైస్ జట్టును 17-5తో, నార్త్ కరోలినాను 5-3తో ఓడించి, మళ్లీ అదే నార్త్ కరోలినా చేతిలో 4-3తో ఓడింది. తిరిగి ఆ జట్టునే 6-1తో గెలిచింది. ఫైనల్‌లో జార్జియా జట్టుతో మూడు ఆటలు. మొదటిది 7-6తో పోయింది. రెండో ఆటలో ముందు 0-5తో వెనుకబడి, చివరకు 19-10తో గెలిచింది.

2008 జూన్ 25న మూడో ఆట. స్టీవ్ డెట్‌వైలర్ అనే కుర్రాడి ఎడమ బొటనవేలి నరం తెగి ఉంది. ఆ చేత్తోనే రెండుసార్లు బంతిని మైదానం దాటించాడు. జట్టు చేసిన ఆరు పరుగులూ అతని దెబ్బల వల్ల వచ్చినవే. తగిన విశ్రాంతి లేకుండానే మళ్లీ బంతి అందుకున్న జస్టిన్ విల్సన్ ఎనిమిది ఇన్నింగ్స్ విసిరి ఒక్క పరుగే ఇచ్చాడు. ఆట 6-1. పోటీలో ఉత్తమ ఆటగాడిగా టామీ మెండోంకా ఎంపికయ్యాడు. అతనిది ఆ లోయలోనే ఉన్న టర్లాక్ అనే చిన్న ఊరు.

సీజన్ మొత్తం లెక్క చూస్తే ఆ జట్టు 78 ఆటలు ఆడింది. 47 గెలిచింది, 31 ఓడింది. ముప్పై ఒక్కసార్లు ఓడిన జట్టు దేశ విజేత!

ఇప్పుడు మన సంగతి చూద్దాం. మన దగ్గర మండల పోటీలు, జోనల్ పోటీలు, జిల్లా పోటీలు సాధారణంగా నాకౌట్ పద్ధతిలో ఒకటి రెండు రోజుల్లో ముగించేస్తారు. ఒక ఆట ఓడితే బస్సెక్కి ఇంటికి రావలసిందే. ఫ్రెస్నో పిల్లలకు మన పద్ధతి వర్తింపజేస్తే వాళ్లు మొదటి మెట్టు మీదే మూటాముల్లె సర్దుకొని ఉండేవాళ్లు. ఒమాహా పేరు పత్రికల్లో చదువుకొని ఉండేవాళ్లు.

మన కాలేజీ పిల్లవాడు రెండేళ్ల ఇంటర్మీడియేట్‌లో జట్టు తరఫున ఆడే అసలైన ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పోటీలకు పది రోజుల ముందు జట్టు కడతారు. అయిపోయిన మర్నాడు జట్టు చెదిరిపోతుంది. మనకు 'సెలెక్షన్లు' ఉన్నాయి గాని 'సీజన్' లేదు. ఓడిన తరువాత తప్పు దిద్దుకొని వచ్చే వారం మళ్లీ ఆడే వీలు లేనప్పుడు, ఓటమి పాఠం కాదు, శిక్ష మాత్రమే. గెలవడానికే కాదు, ఓడిపోవడానికి కూడా పిల్లలకు ఆట దొరకాలి.

అదృష్టం కాదు, అర్ధ శతాబ్దపు ఓపిక

ఫ్రెస్నో గెలుపును అప్పట్లో చాలామంది అద్భుతం అన్నారు. అద్భుతమే కావచ్చు గాని ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆ కాలేజీకి 1948 నుంచి పీట్ బీడెన్ అనే ఒకే గురువు 20 ఏళ్లకు పైగా ఆట నేర్పాడు. ఆయన తరువాత బాబ్ బెనెట్ 2002 దాకా ఆ పని చేశాడు. బెనెట్ నడిపిన జట్లు 1302 ఆటలు గెలిచాయి. అంటే యాభై ఏళ్లకు పైగా ఇద్దరే గురువులు! ఈనాటికీ ఆ మైదానానికి బీడెన్ పేరు, దాని చుట్టూ కట్టిన స్టేడియానికి బెనెట్ పేరు. 2008 నాటి గురువు మైక్ బేట్సోల్ వాళ్లు దున్ని పెట్టిన పొలంలోనే విత్తు వేశాడు.

మరి మన దగ్గర? ఫిజికల్ డైరెక్టరు పోస్టు ఖాళీగా ఉన్న కాలేజీలో ఆటల పీరియడ్ అంటే లెక్కల పీరియడ్. పి.డి. ఉన్నచోట ఆయన హాజరు పట్టీలు రాయాలి, పరీక్షల డ్యూటీ చేయాలి, జెండా పండుగకు తాళ్లు కట్టించాలి. ఇక గ్రౌండు సంగతి చెప్పనక్కరలేదు. వడ్లు ఎండబోయాలన్నా గ్రౌండే, షామియానా వేయాలన్నా గ్రౌండే, మంత్రిగారి హెలికాప్టరు దిగాలన్నా గ్రౌండే. ఏ కొత్త ఆఫీసు కట్టాలన్నా ముందు కనబడేది గ్రౌండు మూలే. ఒక మూల, మరొక మూల పోయాక మిగిలేది పిల్లలు నిలబడి ప్రార్థన చేసుకునేంత చోటు.

2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు పెట్టించారు. ఆలోచన మంచిది. కాని బోర్డు నాటితే గ్రౌండు కాదు. చాలాచోట్ల బోర్డు ఉంది, రెండు ఇనుప స్తంభాలు ఉన్నాయి, వాటి నడుమ తుమ్మ చెట్లు ఏపుగా పెరుగుతున్నాయి. ఆడించేవాడు లేని గ్రౌండులో ఆడేది మేకలే.

మన పిల్లల్లో సత్తువ లేదా?

సత్తువ లేదని ఎవరైనా అంటే ఒప్పుకోవడానికి వీల్లేదు. అదే 2008లో ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి వచ్చిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు జావెలిన్ విసిరే కుర్రాళ్లు బంతి విసిరే పోటీలో పైకి తేలారు. అంతకుముందు బేస్‌బాల్ అంటే ఏమిటో వాళ్లకు తెలియదు. వాళ్లను కాలిఫోర్నియాకే తీసుకెళ్లి ఒక విశ్వవిద్యాలయపు మైదానంలో నెలల తరబడి తర్ఫీదు ఇచ్చారు. నవంబరు నాటికి పిట్స్‌బర్గ్ పైరేట్స్ అనే పెద్ద క్లబ్బు ఒప్పందం చేసుకుంది. ఈ కథ మీద 2014లో సినిమా కూడా వచ్చింది. వాళ్లు పల్లె కుర్రాళ్లే గాని, లక్నోలోని క్రీడా కళాశాలలో చదివినవాళ్లు. భుజబలం పల్లె ఇచ్చింది, దారి కాలేజీ చూపింది.

అంత దూరం ఎందుకు? నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చి గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమెకు తర్ఫీదు మొదలైంది మన భువనగిరి గుట్ట మీద. గుట్టలు మనకూ ఉన్నాయి. గోన గణపారెడ్డి కోట కట్టిన గుట్టలను చిన్నప్పటి నుంచి చెప్పుల్లేకుండా ఎక్కి దిగే పిల్లలు ఇక్కడ ఎంతమంది లేరు!

ఆడపిల్లల మాట కూడా చెప్పాలి. ఫ్రెస్నో మగపిల్లలు గెలవడానికి పదేళ్ల ముందే, 1998లో, అదే విశ్వవిద్యాలయపు ఆడపిల్లలు సాఫ్ట్‌బాల్‌లో దేశ విజేతలయ్యారు. దారి వేసింది వాళ్లే. మన ఊళ్లలో పొద్దుగూకేలోగా ఆడపిల్ల ఇల్లు చేరాలన్న తల్లుల ఆందోళనలో తప్పు లేదు. అయితే ఆట పొద్దుటిపూట పెట్టవచ్చు. వెంట ఒక మేడమ్‌ను పంపవచ్చు. మార్గం వెతికితే దొరుకుతుంది.

ఖర్చు కాదు, పట్టుదల కావాలి

"అమెరికా డబ్బున్న దేశం, మనకు పోలికేమిటి" అని కొందరు పెద్దలు అనవచ్చు. మనకు బేస్‌బాల్ అక్కరలేదు. కబడ్డీకి సున్నం గీత చాలు. ఖోఖోకు రెండు గుంజలు చాలు. ఒక చిన్న లెక్క చెబుతాను. ఖిల్లా ఘణపూర్, పెద్దమందడి, గోపాల్‌పేట, కొత్తకోట, పెబ్బేరు, పానగల్ - ఈ ఆరు చోట్ల నుంచి ఆరు జట్లు కట్టండి. ప్రతి జట్టు మిగతా ఐదింటితో రెండేసిసార్లు ఆడాలి, ఒకసారి సొంత ఊళ్లో, ఒకసారి పొరుగూరిలో. ఒక్కో జట్టుకు పది ఆటలు. మొత్తం ముప్పై. వారానికి మూడు చొప్పున పది వారాల్లో ముగుస్తాయి. ఆగస్టులో మొదలుపెడితే పరీక్షల హడావుడికి చాలా ముందే, దీపావళి నాటికి విజేత తేలుతుంది. ఖర్చల్లా బస్సు చార్జీ, పూట భోజనం.

చదువు పాడవుతుందన్న భయం కొందరికి ఉంది. ఐదు వారాలు సొంత ఊళ్లో, ఐదు వారాలు పొరుగూళ్లో వారానికి ఒక సాయంత్రం ఆడినంత మాత్రాన చదువు పాడవదు. సెల్‌ఫోనులో గంటల తరబడి మునిగితే పాడవుతుంది.

కనుక అధికారులు, ప్రజాప్రతినిధులు మూడు పనులు చేయాలి. మొదటిది, ప్రతి ప్రభుత్వ కాలేజీ గ్రౌండును సర్వే చేసి హద్దురాళ్లు పాతాలి. ఒకసారి పాతిన హద్దు లోపల మరే కట్టడమూ రాకూడదు. రెండోది, ఖాళీ ఉన్నచోట పి.డి.ని నియమించి, ఆయనకు ఆటల పనే అప్పగించాలి. మూడోది, నాకౌట్‌తో సరిపెట్టక మండలాల మధ్య లీగు పద్ధతిలో సీజన్ నడపాలి.

ఊరి పెద్దల వంతు కూడా ఉంది. మన పిల్లలు ఆడేరోజు పోయి గట్టు మీద కూర్చోండి. ఓడినా చప్పట్లు కొట్టండి. వచ్చే వారం మళ్లీ ఆట ఉందని గుర్తుచేయండి.

ఇక తండ్రులకు ఒక మనవి. ఈ జూన్‌లో కాలేజీకి వెళ్లినప్పుడు ఫీజు అడగండి, బస్సు అడగండి. లేచి వచ్చే ముందు మరొక్కటి అడగండి: "సార్, మా పిల్లలతో ఏడాదికి ఎన్ని ఆటలు ఆడిస్తారు?" పదిమంది తండ్రులు అడిగితే ప్రిన్సిపాల్ ఆలోచనలో పడతాడు. వందమంది అడిగితే గ్రౌండులో సున్నం గీత పడుతుంది.