సంస్కృతం మార్కులకా? చదువుకా?

పదో తరగతి ఫలితాలు రాగానే పల్లెల్లో, పట్టణాల్లో తల్లిదండ్రులకు ఆందోళన మొదలవుతుంది. పిల్లవాడిని ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపులో చేర్చాలా అని పది మందినీ అడుగుతారు. ద్వితీయ భాష గురించి మాత్రం ఎవరినీ అడగరు. "సంస్కృతం తీసుకుంటే మార్కులు బాగా పడతాయి" అన్న ఒక్క మాటతో తెలుగును వదిలి సంస్కృతం రాయించడం రాష్ట్రంలో ఏళ్ళ తరబడి నడిచిన తంతు. పొన్నూరు ప్రాంతం ఇందుకు మినహాయింపు కాదు.

మార్కులు వస్తున్న మాట నిజమే. అయితే రెండేళ్ళ తరువాత ఆ విద్యార్థికి ఒక చిన్న శ్లోకమిచ్చి అర్థం చెప్పమంటే ఎందరు చెప్పగలరు? బట్టీపట్టిన ప్రశ్నలు పరీక్షతోనే పోతాయి. సంస్కృతం రాదు, తెలుగు పద్యమూ దూరమవుతుంది. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

సంస్కృత విద్య పొన్నూరుకు కొత్త కాదు. శ్రీ భావనారాయణస్వామి పేరుతో వెలసిన సంస్కృత కళాశాలకు కొండవీటి వెంకటకవి ప్రధానాచార్యులుగా పనిచేశారు. 1977లో విడుదలైన 'దానవీరశూరకర్ణ' చిత్రానికి సంభాషణలు రాసింది ఆయనే. ఆ సంభాషణలు నేటికీ పల్లెటూళ్ళలో జనం నోట వినబడుతున్నాయంటే కారణం సంస్కృతం ఒక్కటే కాదు, తెలుగు మీద ఆయనకున్న పట్టు కూడా. ఒక భాష కోసం రెండవదాన్ని వదులుకోనక్కరలేదనడానికి ఆయనే నిదర్శనం.

సంస్కృతం ఒక వర్గానికి చెందినదని, మనకెందుకని అనేవారూ ఉన్నారు. తెనాలిలో నివసించిన త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) పురాణాలను ప్రశ్నిస్తూ 'సూతపురాణం' రాశారు. పెళ్ళి తంతు జనానికి అర్థం కావాలని తెలుగులో 'వివాహవిధి' రూపొందించారు. ఆయన సంస్కృతం చదివే ఆ పని చేశారు. మెచ్చుకోవాలన్నా, ఎదిరించాలన్నా ముందు చదవాలి కదా!

ఇక కష్టం మాట. 'రామ' శబ్దం ఒక్కదానికే సంబోధనతో కలిపి ఎనిమిది విభక్తులు, మూడు వచనాలు, వెరసి 24 రూపాలు. క్రియలకు పది లకారాలు. ఇది ఒక వేసవి సెలవుల్లో వచ్చే విద్య కాదు. అయితే తెలుగువాడికి కొంత సౌకర్యమూ ఉంది. సంస్కృత గ్రంథాలు తెలుగు లిపిలో దొరుకుతాయి. వర్షం, క్షేత్రం, బీజం, ఫలం వంటి మాటలు రైతు ఇంట్లో ముందే ఉన్నాయి. రోజూ ఒక గంట చొప్పున రెండు మూడేళ్ళు గురువు దగ్గర శ్రద్ధగా కూర్చుంటే తేలిక శ్లోకాలు స్వయంగా చదువుకోవచ్చు.

ఆయుర్వేద వైద్యం చదవదలచినవారికి, తెలుగు పండితులు కాదలచినవారికి, ప్రాచీన కావ్యాలపై మక్కువ ఉన్నవారికి ఈ శ్రమ వృథా పోదు. తిరుపతిలోని సంస్కృత విద్యాపీఠం 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. పై చదువుకు అక్కడ దారి ఉంది. ఇవేవీ అక్కరలేనివారు సంస్కృతం నేర్వకపోయినా తప్పేమీ లేదు. వారు తెలుగే చక్కగా చదువుకోవడం మేలు.

అప్పు చేసి చదివించే రైతుకు మార్కులే ముఖ్యమన్న మాటను తీసిపారేయలేము. అందుచేత నిందించవలసింది ఆ తండ్రిని కాదు, నేర్పకుండానే మార్కులు పండించే పద్ధతిని. నేల చూడకుండా మిరప నారు వేయని రైతు, పిల్లవాడి అభిరుచి అడగకుండా భాషను నిర్ణయించడం సరికాదు. పొన్నూరులో విశ్రాంత పండితులు, దేవాలయ పెద్దలు పూనుకుని కులభేదం లేకుండా సాయంకాలం తరగతులు నడిపితే, నిజంగా ఆసక్తి ఉన్న పిల్లలెవరో నెల రోజుల్లో తేలిపోతుంది.