కాలవ కట్టేసిన రోజుల్లో...

ఆవకాయ జాడీలు కడిగి ఎండలో బోర్లించే రోజులొచ్చాయంటే మా గోదావరి డెల్టాలో ఇంకో పని కూడా మొదలవుతుంది. కాలవలు కట్టేస్తారు. దాళ్వా పంట చేతికొచ్చాక ధవళేశ్వరం దగ్గర నీళ్ళు ఆపేస్తారు. మళ్ళీ సార్వాకి జూన్‌లో వదులుతారు. ఆ మధ్య రోజుల్లో మనకుండే బెంగల్లా ఒకటే కదూ! ఊరి మంచినీళ్ళ చెరువు ఎన్నాళ్ళొస్తుందా, కుళాయి రోజుకి ఎన్నిసార్లు వదులుతారా అని.

కానీ కొందరికి ఊపిరి సలపని రోజులు అవే. మా పిన్ని కొడుకు వాళ్ళలో ఒకడు. పొక్లెయిన్ నడుపుతాడు. కాలవల్లో పూడిక తీయడం, గుర్రపుడెక్క లాగేయడం, గట్లు సరిచేయడం వాడి పని. "ఏముందిలే, కుర్చీలో కూర్చుని మీటలు తిప్పడమేగా" అనుకునేదాన్ని నేను. ఒకరోజు మా మరదలికి ఒంట్లో బాగోక, క్యారేజీ పట్టుకుని నేనే కాలవ గట్టుకి వెళ్ళాను. ఆ పూట చూసింది మీతో చెప్పాలనే ఈ వారం ఈ కబురు.

ముందు ఒక్క మాట. ధవళేశ్వరం ఆనకట్ట పని కాటన్ దొర హయాంలో 1847లో మొదలై 1852లో పూర్తయింది. అది పాతబడ్డాక కట్టిన ఇప్పటి బ్యారేజీ 1982లో సిద్ధమైంది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడింటికీ ఇక్కణ్ణుంచే నీళ్ళు. పది లక్షల ఎకరాలు వీటి మీద ఆధారపడి ఉన్నాయి. వరదనీటితో పాటు ఒండ్రు కూడా వస్తుంది. నీరు నెమ్మదించిన చోటల్లా అది అడుక్కి దిగుతుంది. ఏటా తీయకపోతే కాలవ మెట్టపడి, చివరి ఊళ్ళకి నీరందదు. ఒకప్పుడు ఈ పనంతా పలుగూ పారా తట్టలతోనే. ఆ తట్టలు మోసినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉండేవారు. ఇప్పుడు చాలా మటుకు యంత్రాలే.

ఆ యంత్రం నడపడం చూడాలండీ! ఎడమచేతి మీటతో యంత్రాన్ని పక్కకి తిప్పడం, దాని చేతిని ముందుకీ వెనక్కీ ఆడించడం. కుడిచేతి మీటతో బూమ్ ఎత్తడం, దించడం, బకెట్ ముడవడం. ఇవన్నీ కలిసే జరగాలి. మన అమ్మమ్మలు ఒక చేత్తో తిరగలి తిప్పుతూ రెండో చేత్తో గింజలు పోసేవారు చూడండి, అలాగన్నమాట. ఏ చెయ్యి తడబడినా పని చెడుతుంది.

"అడుగెక్కడుందో నీకెలా తెలుస్తుందిరా, బురదలో ఏమీ కనపడదుగా?" అనడిగాను.

"నల్లగా, మెత్తగా వస్తున్నంతసేపూ పూడికక్కా. బకెట్ పళ్ళకి గట్టిగా తగిలి, మట్టి రంగు మారిందంటే అసలు నేల. అక్కడితో ఆగిపోవాలి" అన్నాడు.

ఎక్కువ తవ్వితే మంచిదేగా అనిపిస్తుంది మనకి. కాదుట! గట్టు మొదట్లో ఎక్కువ తవ్వితే గట్టే జారుతుంది. వంతెన కాళ్ళ దగ్గర తవ్వితే వంతెనకే మోసం. అడుగంటిన పాలగిన్నె తోమేటప్పుడు మనమూ అంతే కదా. మాడు వదలాలి, గిన్నెకి చిల్లు పడకూడదు.

ఇక ప్రమాదం సంగతి. కాలవ నిండా నీళ్ళున్నప్పుడు ఆ నీళ్ళే గట్టుకి ఆసరా. నీళ్ళు గబగబా దిగిపోతే ఆసరా పోతుంది గానీ గట్టు లోపల తడి అలాగే ఉండిపోతుంది. పైకి ఎండి బీటలు వారినట్టుంటుంది, లోపల మెత్తన. దాని మీద ఇరవై టన్నుల బండి! అందుకే మావాడు పొద్దున్నే బండెక్కే ముందు గట్టంతా నడిచి, ఎక్కడైనా బీట కొత్తగా విచ్చుకుందా అని చూసుకుంటాడు. తలెత్తి కరెంటు తీగలూ చూసుకుంటాడు. "అలవాటైంది కదా అని చూడ్డం మానేసిన రోజే భయపడాలక్కా" అన్నాడు.

గుర్రపుడెక్క గురించి కూడా చెప్పాలి. లేత ఊదారంగు పువ్వు, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క అది. వేడీ, ఎరువు కలిసిన నీళ్ళూ దొరికితే రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. దాని విత్తనం బురదలో ఏళ్ళ తరబడి బతికే ఉంటుంది. అందుకే తీసింది గట్టు అంచున పోస్తే చాలదు. దూరంగా తోలాలి. లేకపోతే మొదటి వానకే పూడికా, మొక్కా మళ్ళీ కాలవలోనే!

ఇంతవరకూ వాడి పని. ఇకపైన చెప్పేది నా సంగతి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

లాకుల దగ్గర, తూముల దగ్గర బకెట్ పెట్టడానికి వీలుండదు. తగిలితే కట్టడం పాడవుతుంది. అక్కడ మనుషులే మోకాలి లోతు బురదలో దిగి, కొక్కేలతో చెత్త లాగుతారు. నేను వెళ్ళిన రోజు మావాడి హెల్పరు కుర్రాడు, ఇరవై ఏళ్ళుంటాయేమో, గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పాదానికి కట్టు. ముందురోజు కాలు పెట్టిన చోట ప్లాస్టిక్ కవరు, అందులో అద్దం పెంకులు. ఏడు కుట్లు పడ్డాయిట.

నాకు నోట మాట రాలేదు. ఉగాదికి ఇల్లు దులుపుతుంటే మా ఇంట్లో గోడ అద్దం పగిలింది. పగిలిన అద్దం ఇంట్లో ఉండకూడదంటారు కదా. పారే నీళ్ళలో వేస్తే దోషం పోతుందని, పెంకులన్నీ కవర్లో మూటగట్టి కాలవలో వేయించాను. అది ఈ కాలవే. ఆ పెంకులు నావేనని ఎవరూ చెప్పలేరు. కావని నేనూ చెప్పలేను.

ఆ కుర్రాడికి మర్నాడు పళ్ళూ, కొంచెం డబ్బూ పంపాను. కారణం మాత్రం మావాడికి చెప్పలేదు. ఇదిగో, ఇక్కడ రాస్తున్నాను కాబట్టి ఇప్పుడు తెలుస్తుంది.

ఇంకా ఏమేం వస్తాయిరా అనడిగితే ఏకరువు పెట్టాడు. పూజ పువ్వుల కవర్లు, పాత దేవుడి పటాలు, పిల్లల డైపర్లు, పరుపులు. చాలావరకూ మన ఇళ్ళల్లోంచి వెళ్ళినవే! వాటితో పూడుకున్న కాలవ నీళ్ళేగా మన మంచినీళ్ళ చెరువులోకి మళ్ళేది?

అందుకని నేను మొదలుపెట్టిన పద్ధతులు మీకూ చెబుతాను. గాజుపెంకుల్ని నాలుగు మడతల పాత పేపర్లో చుట్టి, మూతున్న రేకు డబ్బాలో వేయండి. చెత్త తీసుకెళ్ళేవాళ్ళకి "ఇందులో గాజుంది" అని చెప్పి విడిగా ఇవ్వండి. పూజ పువ్వులు చాట మీద ఎండబెట్టి కుండీల్లో, మొక్కల పాదుల్లో వేస్తే ఎరువవుతాయి. పాత పటాలకి అద్దం, మేకులు, చెక్క విడదీసి దేనికది వేరుగా పెట్టండి.

మీ ఇంట్లో కూడా ఎండలో ఇలాంటి పని చేసేవాళ్ళుంటే మా మరదలి పద్ధతి వినండి. తెల్లారకుండానే తరవాణి అన్నం పెట్టి పంపిస్తుంది. ఉప్పేసిన పల్చటి మజ్జిగ సీసాలో పోసి, తడిగుడ్డ చుట్టి ఇస్తుంది. దాహం వేసేదాకా ఆగకుండా గంట గంటకీ కాస్త కాస్త తాగమంటుంది. బండి అదురుకి నడుం పట్టేస్తుంది కనుక మధ్యలో దిగి నాలుగడుగులు నడవమంటుంది. సాయంత్రం గేటు చప్పుడయ్యేదాకా తనకి టీవీలో ఏం వస్తోందో కూడా తెలియదు. "గట్టు బాగుందా?" అన్నదే వాడు గుమ్మంలో అడుగుపెట్టగానే తనడిగే మొదటి మాట.

జూన్‌లో కాలవ వదిలిన రోజున మనం పసుపూ కుంకుమా వేసి కొత్తనీటికి దణ్ణం పెడతాం. ఈ ఏడూ పెడదాం. ఆ పసుపూ కుంకుమా తీసుకెళ్ళిన కవరు మాత్రం మడిచి, మళ్ళీ ఇంటికి తెచ్చుకుందాం. ఏమంటారు?

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. ఈలోగా ఆవకాయ ముక్కలకి తడి తగలకుండా చూసుకోండి!