పాస్‌వర్డ్ అడగడమే భద్రతా?

ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో గానీ కాలేజీ ఆఫీసులో గానీ రిపోర్టు బటన్ నొక్కగానే ‘డేటాబేస్ లాగిన్’ అంటూ ఒక చిన్న పెట్టె ఊడిపడడం చాలామందికి అనుభవమే. పొద్దున ప్రోగ్రామ్ తెరిచినప్పుడే పాస్‌వర్డ్ ఇచ్చినా, రెండో రిపోర్టుకు మళ్లీ అడుగుతుంది. కొన్నాళ్లకు ఆ పాస్‌వర్డ్ చీటీ మీదికెక్కి మానిటర్‌కు అతుక్కుంటుంది. ‘సెక్యూరిటీ కోసం సార్, తప్పదు’ అంటారు సాఫ్ట్‌వేర్ వాళ్లు. నిజానికి ఇది సెక్యూరిటీ కాదు, ప్రోగ్రామ్ అమరికలోని లోపాన్ని గుమస్తా నెత్తిన రుద్దడం.

ఆ పెట్టె ఎందుకొస్తుందో చూడండి. రిపోర్టులు తయారుచేసే క్రిస్టల్ రిపోర్ట్స్ సాఫ్ట్‌వేర్‌లో రిపోర్టు తయారు చేసినవారి సర్వర్ పేరు ఆ ఫైల్లోనే ఉండిపోతుంది. ఆఫీసులో బిగించేటప్పుడు ప్రధాన రిపోర్టుకు కొత్త సర్వర్ చూపించి, దాని లోపలి సబ్‌రిపోర్టును మరిచిపోతే, అది పాత సర్వర్‌నే వెతుక్కుంటూ పోతుంది. అక్కడ సరైన పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా ఒరిగేదేమీ ఉండదు. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్ లాగిన్‌ను తిరస్కరిస్తే 18456 అనే ఎర్రర్ ఇస్తుంది; కారణాన్ని ‘స్టేట్’ అనే సంఖ్య చెబుతుంది. వాడేవారికి కనిపించేది ఎప్పుడూ ‘స్టేట్ 1’ మాత్రమే. అసలు సంగతి సర్వర్ లాగ్‌లో ఉంటుంది: 5 ఉంటే ఆ పేరుతో లాగిన్ లేదని, 8 ఉంటే పాస్‌వర్డ్ తప్పని, 38 ఉంటే అడిగిన డేటాబేస్ తెరుచుకోలేదని. బయటివాళ్లకు ఆచూకీ దొరక్కూడదని ఇలా దాచారు, సబబే. కానీ లాగ్ చూడాల్సినవాళ్లు చూడకుండా ‘ఇంకోసారి కొట్టి చూడండి’ అనడం ఏం సబబు?

పాస్‌వర్డ్‌ను సేవ్ చేసేస్తే పోలేదా అంటారు. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో లింక్ చేసిన టేబుళ్లకు పాస్‌వర్డ్ సేవ్ చేయమనే టిక్కు పెడితే పెట్టె రాదు, నిజమే. అయితే పాస్‌వర్డ్ ఆ ఫైల్లోనే మామూలు అక్షరాల్లో ఉంటుంది. ఫైలు కాపీ చేసుకున్నవాళ్లు తీరిగ్గా చదువుకోవచ్చు. అది ‘ఎస్ఏ’ అనే పెత్తందారు ఖాతాదైతే ఇక చెప్పేదేముంది! 2002 మే నెలలో స్పైడా అనే వార్మ్ ఎస్‌క్యూఎల్ సర్వర్లలో చొరబడింది పాస్‌వర్డ్ లేకుండా వదిలేసిన ఎస్ఏ ఖాతాల గుండానే. మాటిమాటికీ అడిగితే కాస్త జాగ్రత్తే కదా అనేవారూ ఉన్నారు. అలా అలవాటు పడ్డ మనిషి ఏ పెట్టె వచ్చినా చదవకుండా పాస్‌వర్డ్ కొట్టేస్తాడు. పైగా ఒకే పాస్‌వర్డ్‌ను నలుగురూ వాడితే బిల్లు మార్చిందెవరో రికార్డు చెప్పలేదు.

మరి దారేది? విండోస్ అథెంటికేషన్ పెడితే, ఉద్యోగి కంప్యూటర్‌లోకి వచ్చిన గుర్తింపుతోనే సర్వర్ లోపలికి రానిస్తుంది. వేరే పాస్‌వర్డ్ ఊసే ఉండదు. దీనికి మామూలుగా ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ కలిపి నిర్వహించే డొమైన్ కావాలి; నాలుగు కంప్యూటర్ల దుకాణానికి అది ఎక్కడిదన్న అభ్యంతరం న్యాయమైనదే. అలాంటిచోట మనిషికో లాగిన్ ఇచ్చి, పనికి అవసరమైనంత హక్కే ఉంచి, ప్రోగ్రామ్ మొదట్లో ఒక్కసారి అడిగి సబ్‌రిపోర్టుల దాకా తానే అందించేలా రాయాలి. ఇది డెవలపర్ చేయాల్సిన పని, అసాధ్యమూ కాదు. ఏడాది మెయింటెనెన్స్ సొమ్ము కట్టేముందు యజమాని అడగాల్సింది కొత్త పాస్‌వర్డ్ కాదు. ఈ పెట్టె ఏ సర్వర్ కోసం అడుగుతోంది, లాగ్‌లో ఏ స్టేట్ పడింది అని.