మాట వినే రిమోటు!

ఉదయం తొమ్మిదింటి వేళ. గోదావరిఖని యైటింక్లైన్ కాలనీలో ఓ క్వార్టర్. రాత్రి షిఫ్టు చేసొచ్చిన ఇంటాయన అప్పుడే నడుం వాల్చాడు. ముందు గదిలో అత్తమ్మ టీవీ స్విచ్ వేసింది. రాత్రి ఎవరు పెంచి వదిలేశారో ఏమో... ఒక్కసారిగా ఇల్లు దద్దరిల్లింది. తగ్గిద్దామంటే రిమోట్ పనిచేయదు. టీవీకి మీటలెక్కడున్నాయో ఎవరికీ గుర్తులేదు. కోడలు వంటింట్లోంచి పరుగున వచ్చి ప్లగ్గు పీకేసింది. అప్పటికే లోపలి గదిలో ఆయన లేచి కూర్చున్నాడు!

వేరే ఊళ్లో అయితే ఇదో చిన్న చికాకు. మూడు షిఫ్టుల మీద బతికే సింగరేణి ఊళ్లో అలా కాదు. పగటి నిద్ర చెడితే రాత్రి గనిలో రెప్పలు వాలతాయి. ఆ కునుకు ఎంత ప్రమాదమో ఖనిలో ఏ ఇంటికీ చెప్పనక్కర్లేదు. అందుకే ఇక్కడ రిమోట్లో అన్నిటికన్నా ముఖ్యమైన మీట ఛానల్ మార్చేది కాదు, టీవీ నోరు మూయించేది. అదే... మ్యూట్!

అసలు రిమోట్ పుట్టిందే అందుకంటే ఆశ్చర్యం లేదు. 1955లో అమెరికాలోని జెనిత్ కంపెనీ ఇంజినీరు యూజీన్ పాలీ తయారుచేసిన ‘ఫ్లాష్‌మాటిక్’ తొలి వైర్‌లెస్ టీవీ రిమోట్. అదో టార్చిలైటు లాంటిది. టీవీ నాలుగు మూలల్లో వెలుగును పసిగట్టే కళ్లుండేవి. వాటిలో ఒకటి శబ్దం ఆపడానికే. ప్రకటనల గోల వినక్కర్లేదన్నదే దానికి పెద్ద ప్రచారం. కాకపోతే కిటికీలోంచి ఎండ పడినా టీవీ తనంతట తానే ఛానల్ మార్చేసేది!

అచ్చం అలాగే ఉంది కానీ...

ఆ కోడలు సాయంత్రం లక్ష్మీనగర్ వెళ్లి పాత రిమోట్ చూపించి, అచ్చం అలాంటిదే కొనుక్కొచ్చింది. అదే రంగు, అదే ఆకారం, అదే కంపెనీ పేరు. ఇంటికొచ్చి నొక్కితే టీవీ ఆన్ అయింది. ఛానల్ మారింది. హమ్మయ్య అనుకుంటూ మ్యూట్ నొక్కితే... మెనూ తెరుచుకుంది!

ఎందుకలా? గనిలో టబ్బులు లాగే హాలర్‌కు గంటల లెక్క ఉంటుంది. ఇన్ని గంటలు కొడితే ఇదీ అర్థమని ఇవతలివాళ్లకూ అవతలివాళ్లకూ ఒకే లెక్క తెలిసుండాలి. రిమోట్ కూడా అంతే. దాని కొసన ఉన్న చిన్న బల్బు మన కంటికి కనిపించని పరారుణ కాంతితో గంటలు కొడుతుంది. ఫిలిప్స్ రూపొందించిన ఆర్‌సీ-5 పద్ధతిలో ఆ కాంతి సెకనుకు 36 వేలసార్లు మిణుకుతుంది. ఎన్‌ఈసీ పద్ధతిలో 38 వేలసార్లు, సోనీ పద్ధతిలో 40 వేలసార్లు. ఆ మిణుకుల్ని గుంపులుగా పంపుతూ, మధ్యలో ఆపుతూ రెండు సంగతులు చెబుతుంది... ఇది ఏ పరికరానికి, చేయాల్సిన పనేమిటి అని. మొదటిది కలిసి రెండోదాంట్లో కొన్ని అంకెలు తేడా వస్తే, సగం మీటలు పనిచేసి సగం మొరాయిస్తాయి. ఒకే కంపెనీ వేర్వేరు మోడళ్లకు వేర్వేరు లెక్కలు వాడొచ్చు. పైకి పోలికలు కలిసినంత మాత్రాన మాట కలవదు!

పోయింది రిమోటేనా?

కొనేముందు ఆ సంగతి తేల్చుకోవాలి. కొత్త సెల్స్ రెండూ ఒకేసారి వేయాలి. పాతదీ కొత్తదీ కలపకూడదు. స్ప్రింగుకు చిలుము పడితే తుడవాలి. తర్వాత సెల్‌ఫోన్ కెమెరాకు రిమోట్ కొస చూపించి మీట నొక్కితే తెరమీద లేత ఊదారంగు మిణుకు కనిపిస్తుంది. కొన్ని ఫోన్ల వెనక కెమెరాలో ఆ కాంతిని ఆపే ఫిల్టర్ ఉంటుంది కాబట్టి సెల్ఫీ కెమెరాతో చూడటం మేలు. మిణుకు కనిపించినా టీవీ కదలకపోతే తప్పు టీవీ కంటిది కావచ్చు. బొగ్గు దుమ్ము పడే ఊళ్లో ఆ కన్ను ఉన్నచోట ఓసారి మెత్తని బట్టతో తుడిచి చూడాలి. అన్నీ పనిచేసి ఒకట్రెండు మీటలే మొండికేస్తే కింద ఉండే రబ్బరు మాసిందేమోనని అనుమానించాలి. శుభ్రం చేయిస్తే సరిపోవచ్చు.

కొనాల్సిందే అయితే...

✦ టీవీ వెనక స్టిక్కర్ మీద ఉండే పూర్తి మోడల్ నంబరును ఫోటో తీసుకోవాలి. కంపెనీ పేరు, ఎన్ని అంగుళాలన్నది మాత్రమే చెబితే చాలదు. పాత రిమోట్ వెనక, సెల్స్ గూట్లో నంబరుంటే అదీ పట్టుకెళ్లాలి.

✦ దుకాణంలో బల్బు వెలుగుతోందో లేదో తెలుస్తుంది కానీ మీ టీవీ మాట వింటుందో లేదో తెలియదు. కుదరకపోతే మార్చిస్తామని ముందే మాట తీసుకోవాలి.

✦ యూనివర్సల్ రిమోట్‌లో కోడ్ వెతికేటప్పుడు టీవీ ఆగిపోగానే అదే సరైన కోడ్ అనుకుంటారు. అక్కడితో ఆగొద్దు. వాల్యూమ్, మ్యూట్, మెనూ, ఇన్‌పుట్ మీటలన్నీ నొక్కి చూడాలి. ఏది తప్పినా తర్వాతి కోడ్‌కు వెళ్లాలి.

✦ కొన్ని సెట్‌టాప్ బాక్సుల రిమోట్లకు టీవీ ఆన్, వాల్యూమ్ మీటలు నేర్పించే వీలుంటుంది. కానీ అందుకు పాత రిమోట్ బతికుండాలి. కాబట్టి అది చివరి దశకు రాకముందే నేర్పించి పెట్టుకోవాలి.

✦ స్మార్ట్ టీవీలకైతే మరో మెలిక. మాట్లాడితే పలికే రిమోట్లు సాధారణంగా బ్లూటూత్‌తో పనిచేస్తాయి. వాటిని టీవీతో జత చేయాలి. చవకగా వచ్చే మామూలు రిమోట్‌తో ఆన్, ఆఫ్, వాల్యూమ్ వరకూ జరుగుతాయేమో కానీ మైకు మీట పనిచేయకపోవచ్చు. టీవీ, ఫోన్ ఒకే వైఫైలో ఉంటే ఫోన్‌నే రిమోట్‌గా వాడే యాప్‌లు చాలా టీవీలకున్నాయి. అయితే ఫోన్ పట్టుకుని ఇంటాయన డ్యూటీకెళ్తే అత్తమ్మ సీరియల్ సంగతేంటి? ఇంట్లో ఒక మామూలు రిమోట్ ఉండాల్సిందే.

ఇంకోటి. రిమోట్‌ను రోజంతా పట్టుకునేది ఎవరో వాళ్ల చేతికీ కంటికీ నప్పాలి. చూపు ఆనని పెద్దవాళ్లకు యాభై మీటలకన్నా పెద్ద అంకెలున్న పది మీటలే నయం. వినికిడి తగ్గినవాళ్లుంటే వాల్యూమ్, మ్యూట్ మీటలు వేలికి తెలిసేలా ఉండాలి. అవసరమైతే మ్యూట్ మీట మీద ఓ చుక్క గోళ్లరంగు పెట్టినా చాలు.

మర్నాడు ఆ కోడలు మళ్లీ లక్ష్మీనగర్ వెళ్లింది. ‘‘మోడల్ నంబర్ తెచ్చినవా అక్కా?’’ అన్నాడు దుకాణం కుర్రాడు. ఈసారి ఫోన్‌లో ఫోటో చూపించింది. అతను మరో రిమోట్ తీసిచ్చాడు. పాతదానితో పోలిస్తే రంగు వేరు, ఆకారం వేరు. ఇంటికొచ్చి ముందుగా నొక్కింది మ్యూట్ మీటనే. టీవీలో అత్తాకోడళ్లు నోళ్లు తెరిచి పోట్లాడుతున్నారు... ఒక్క మాటా బయటికి రాలేదు. లోపలి గదిలోంచి మాత్రం గురక వినిపించింది.

రిమోట్ కుదిరినట్టే!