చూడమని ఇస్తే దిద్దే హక్కు రాకూడదు

క్రోసూరులో సాయంత్రం పూట ఇంజినీరింగ్ పిల్లలకు సి భాష చెబుతుంటాను. సత్తెనపల్లి, గుంటూరు కాలేజీల నుంచి బస్సు దిగి నేరుగా వస్తారు. ఒకసారి పెట్టిన విలువను మార్చకూడదని చెప్పే కాన్‌స్ట్ నియమం అందరికీ కంఠతా వచ్చు. లైబ్రరీ ఫంక్షన్ చేతిలో పడ్డాక ఆ నియమం ఏమవుతుందని అడిగితే మాత్రం జవాబుండదు. మనం నేర్పాల్సింది అదే.

స్ట్రింగ్‌లో ఒక అక్షరాన్ని వెతికే స్ట్ర్‌చార్ ఫంక్షన్‌నే చూడండి. 1989 సి ప్రమాణం ప్రకారం అది మార్చనని మాటిచ్చి స్ట్రింగ్‌ను తీసుకుంటుంది, మార్చుకోమంటూ ఆ అక్షరాన్ని చూపే పాయింటర్‌ను తిరిగిస్తుంది. మార్చకూడని ‘పేరు, ఊరు’ స్ట్రింగ్‌లో కామాను దీనితో వెతికించి, అక్కడ సున్నా రాసి రెండు ముక్కలు చేయబోతే కంపైలర్ నోరెత్తదు. లైనక్స్‌లో నడిపితే మాత్రం సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో ప్రోగ్రామ్ కూలుతుంది.

ఆ ఫంక్షన్ రాసినవాళ్లకు తెలియక కాదు. మార్చదగ్గ స్ట్రింగ్‌కీ, మార్చకూడనిదానికీ ఒకే ఫంక్షన్ పనికిరావాలి. సి భాషలో ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు పెట్టే వీలు లేదు. ఆ వీలున్న సి++ స్ట్ర్‌చార్‌కు రెండు రూపాలిచ్చింది. రస్ట్‌లో చూడటానికి ఐటర్, గెట్ ఉంటే, మార్చడానికి వాటికి తోడు ఐటర్‌మ్యూట్, గెట్‌మ్యూట్ ఉన్నాయి. భద్రత దక్కింది, చాకిరీ రెట్టింపయింది. జావాలో ఆ భద్రత కూడా లేదు: 2017 నుంచి ఉన్న లిస్ట్.ఆఫ్‌తో చేసిన మార్చకూడని జాబితాను సార్ట్‌కు ఇస్తే కంపైల్ అవుతుంది. నడిచేటప్పుడు ఎక్సెప్షన్ వస్తుంది.

నాకు నచ్చిన దారి డి భాషది. అందులో ఇన్‌అవుట్ అని రాస్తే ఫంక్షన్ ఒక్కటే చాలు, డేటాను ఏ హక్కుతో ఇస్తే ఆ హక్కుతోనే తిరిగొస్తుంది. 2024లో వెలువడిన సి23 ప్రమాణం కూడా స్ట్ర్‌చార్‌ను ఇలాగే సరిదిద్దింది. ముప్ఫై అయిదేళ్లు పట్టింది.

ఒకచోట కాన్‌స్ట్ పెడితే పిలిచే ప్రతి ఫంక్షన్‌లోనూ పెట్టాల్సి వస్తోందని చాలామంది విసుక్కుంటారు. ఆ విసుగు నాకు అర్థమవుతుంది, కానీ ఒప్పుకోను. అలా పెట్టుకుంటూ పోతేనే డేటా ఎక్కడెక్కడ మారుతోందో బయటపడుతుంది. భూరికార్డుల సంగతీ ఇంతే: ప్రభుత్వ వెబ్‌సైట్ మీభూమిలో 1-బి రికార్డును ఎవరైనా చూడొచ్చు, దాన్ని మార్చే అధికారం మాత్రం రెవెన్యూ అధికారులదే. చూసినంత మాత్రాన దిద్దే హక్కు వస్తే ఏ రైతు భూమికీ భరోసా ఉండదు. రేపు అలాంటి రికార్డులకూ బ్యాంకు ఖాతాలకూ సాఫ్ట్‌వేర్ రాసేది ఈ పిల్లలే.

అందుకే ల్యాబ్‌లో అవుట్‌పుట్ సరిగ్గా వచ్చిందని మార్కులు వేసి ఊరుకోవద్దని తోటి అధ్యాపకులను కోరుతున్నాను. పిల్లలు రాసిన ప్రతి ఫంక్షన్‌కూ మార్చకూడని డేటా ఒకసారి, మార్చదగ్గది ఒకసారి ఇచ్చి చూడమనండి. రెండుసార్లూ ఇచ్చిన హక్కే తిరిగొస్తేనే పూర్తి మార్కులు వేయండి.