రాళ్ళు మొయ్యొచ్చు గానీ చదవకూడదా?

భూగర్భశాస్త్రం డిగ్రీలో ఆడపిల్లలు ఎందుకు తక్కువ అని అడిగితే మన విద్యావేత్తలు ఠక్కున చెప్పే జవాబు ఒకటుంది: 'వాళ్ళకు ఆసక్తి ఉండదండీ'. ఇరవయ్యేళ్ళుగా ఈ జవాబును రకరకాల గొంతుల్లో వింటూనే ఉన్నాను. ఆసక్తి అనేది ఆకాశంలోంచి ఊడిపడే వస్తువైనట్టు, దాన్ని పెంచేవాళ్ళూ తుంచేవాళ్ళూ ఎవరూ లేనట్టు మాట్లాడటం పితృస్వామ్యానికి ఎప్పుడూ సౌకర్యంగానే ఉంటుంది. ఆడపిల్లను రానివ్వకుండా తలుపు వేసి, ఆమెకే రావాలని లేదని ప్రకటించడం ఇది.

ఉయ్యాలవాడ ప్రాంతాన్నే తీసుకుందాం. ఆ పేరు వినగానే 1847లో కోయిలకుంట్లలో తెల్లవాళ్ళు ఉరితీసిన నరసింహారెడ్డి గుర్తొస్తాడు. ఆ నేలకు మరో ప్రఖ్యాతి కూడా ఉంది, అది అక్కడివాళ్ళకే ఎవరూ చెప్పలేదు. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ సర్వే అధికారి కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. ఆ తర్వాత స్థిరపడిన వర్గీకరణలో కర్నూలు శిలల పేర్లు కింది పొర నుంచి పైకి ఇలా ఉంటాయి: బనగానపల్లె క్వార్ట్‌జైటు, నార్జి సున్నపురాయి, ఔకు షేలు, పాణ్యం క్వార్ట్‌జైటు, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు. ఇవన్నీ మనం బస్సు మారే ఊళ్ళు! దేశంలో ఎక్కడ భూగర్భశాస్త్రం చదివినా విద్యార్థులు పరీక్ష కోసం ఈ పేర్లు బట్టీ పడతారు. కొలిమిగుండ్ల దగ్గర 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలు ఈ సున్నపురాయిని నీళ్ళు తొలిచి చేసినవే. ఊరి పేరు పాఠ్యపుస్తకం కెక్కింది, ఆ ఊరి పిల్ల మాత్రం తరగతి గది కెక్కలేదు.

ఆ పక్కనే ఇంకో దృశ్యం ఉంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు నాపరాళ్ళ క్వారీలకూ పాలిష్ ఫ్యాక్టరీలకూ వెళ్ళి చూడండి. బండలు మోసేదీ, ముక్కలు ఏరేదీ, ఆ దుమ్ము మింగేదీ ఆడవాళ్ళు కూడా. ఎండలో కొండ మీద పని చెయ్యడం స్త్రీ స్వభావానికి విరుద్ధమని అక్కడ ఎవరికీ అనిపించదు. రోజుకూలీకి రాయి మోసే చేతికి లేని సౌకుమార్యం, అదే చెయ్యి చదువు కోసం సుత్తి పట్టుకోబోయేసరికి ఎక్కడి నుంచి పుట్టుకొస్తుంది?

ఉయ్యాలవాడలో ఇంటర్ పాసయిన ఒకమ్మాయితోనూ వాళ్ళమ్మతోనూ ఒక సాయంత్రం ఈ మాటే మాట్లాడాను. తల్లి పెళ్ళయిన కొత్తల్లో క్వారీలో పనిచేసిన మనిషి. "సుత్తి పట్టుకోని మొగపిల్లోల్లతో కొండలెంబడి తిరిగే సదువంట గదమ్మా. మేం ఒప్పుకున్యా ఊరు ఒప్పుకోవాల గదా" అంది. కూతురి సందేహం వేరే. "అన్ని దినాలు బయట ఉంటే బాత్రూముకి ఎట్ల మేడమ్?" అని నెమ్మదిగా అడిగింది. తల్లి ఫక్కున నవ్వింది. "క్వారీలో మాకెవరు కట్టించినార్లే" అంది. ఆ నవ్వులో ఉన్నంత సమాజశాస్త్రం నా సిద్ధాంత వ్యాసంలో లేదు.

ఆ అమ్మాయి అడిగింది చిన్న విషయం కాదు. భూగర్భశాస్త్రానికి ప్రయోగశాల ఆరుబయటే. శిల ఎటు వాలింది, ఎంత వాలింది అని దిక్సూచితో కొలవాలి. పొర ఎక్కడ మొదలై ఎక్కడ తెగిపోయిందో నడిచి చూసి పటం గియ్యాలి. ఆ నడక లేకుండా పుస్తకంతో సరిపెట్టడం, రోగిని ముట్టుకోకుండా వైద్యం నేర్చుకోవడం లాంటిది. సరిగ్గా ఇక్కడే ఆడపిల్లలకు 'మినహాయింపు' ఇస్తారు. నాకు తెలిసిన ఒక కాలేజీలో మగపిల్లలు వారం రోజులు కొండల్లో ఉండి పటాలు గీస్తే, ఆడపిల్లల్ని ఒక్క రోజు బస్సులో తిప్పి తీసుకొచ్చి, మగపిల్లల పటాలు చూసి ఎక్కించుకోమన్నారు. దాన్ని వాళ్ళ మీద దయ అనుకున్నారు కూడా! ఆ తర్వాత ఉద్యోగానికి వెళ్ళినప్పుడు 'ఫీల్డు అనుభవం లేదు' అని ఆ అమ్మాయిలనే తప్పు పడతారు.

ఈ దయకు చట్టం రూపంలో పాత చరిత్ర ఉంది. ఒకప్పుడు మన బొగ్గు గనుల్లో ఆడవాళ్ళు వేల సంఖ్యలో భూమి లోపల పనిచేశారు. 1929 నిబంధనలతో వాళ్ళను క్రమంగా బయటకు పంపారు. 1935లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా స్త్రీల భూగర్భ శ్రమను నిషేధిస్తూ ఒప్పందం చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో బొగ్గు చాలకపోయేసరికి 1943లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. ఆడదాని ఆరోగ్యం, శీలం, మాతృత్వం అన్నీ యుద్ధం ముగిసేదాకా సెలవు పుచ్చుకున్నాయన్న మాట! 1946లో మళ్ళీ నిషేధించారు. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ దాన్ని స్థిరపరచి, భూమిపైన కూడా పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు వరకే పని అంది. ఆనాటి గనుల్లో శ్రమ ఎంత దారుణమో తెలియక ఈ మాట అనడం లేదు. ఆ దారుణాన్ని తగ్గించడానికి బదులు ఆడవాళ్ళను తగ్గించారన్నదే నా అభ్యంతరం.

2019లో కేంద్రం దీన్ని సడలించింది. ఎవరికోసం? భూమి లోపలకు పగటిపూట సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ ఉద్యోగాల్లో ఉన్న స్త్రీలు దిగవచ్చంది, కూలీ స్త్రీలు కాదు. 2021లో ఆకాంక్ష కుమారి జార్ఖండ్‌లోని ఒక భూగర్భ బొగ్గు గనిలో ఇంజనీరుగా చేరినప్పుడు పత్రికలన్నీ రాసింది ఆ తలుపు గుండా వెళ్ళిన మనిషి గురించే. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ స్త్రీలు అన్ని రకాల పనుల్లోనూ ఉండవచ్చంటోంది, రాత్రిపూట అయితే వాళ్ళ సమ్మతితో. అంటే కాగితం మీద అడ్డు తొలగింది. కానీ కూలీగా కాక నిపుణురాలిగా లోపలికి వెళ్ళడానికి తాళంచెవి డిగ్రీ. ఆ డిగ్రీనే మన పిల్లలకు అందకుండా ఉంచితే సడలింపు ఎవరికి?

వీలవుతుందా అనే ప్రశ్నకు ఎప్పుడో జవాబు దొరికింది. 1983లో బయలుదేరిన భారత యాత్రలో సుదీప్తా సేన్‌గుప్తా అంటార్కిటికా వెళ్ళి అక్కడి శిలలను పరిశోధించింది. సముద్ర శాస్త్రవేత్త అదితి పంత్ ఆమెతో వెళ్ళింది. సుదీప్తకు 1991లో భట్నాగర్ పురస్కారం కూడా వచ్చింది. మంచు ఖండంలో వీలైన పని ఔకు కొండల్లో వీలుకాదా?

ఇక మన ఉద్యమాలను కూడా ఒక మాట అనాలి. ఆడపిల్లలకు సైన్సు కావాలని మనం అడిగినప్పుడల్లా మన మనసులో ఉన్నది డాక్టరూ ఇంజనీరూ మాత్రమే. భూమి గురించి పోరాడుతూ భూమి గురించిన శాస్త్రాన్ని ఇతరులకు వదిలేశాం. 1997 సమతా తీర్పును మనం సభల్లో వందసార్లు చెప్పుకున్నాం. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని చుట్టూ ఉన్న ఊళ్ళవాళ్ళు తమ నీళ్ళు పాడయ్యాయని మొత్తుకున్నారు. 2019లో ఆళ్ళగడ్డ ప్రాంతంలోని యాదవాడలో యురేనియం అన్వేషణను జనం వ్యతిరేకించారు. ఇలాంటి ప్రతి చోటా తవ్వేవాళ్ళ దగ్గర శిలల పటాలుంటాయి, భూగర్భ జలాల నివేదికలుంటాయి. మన దగ్గర ఆగ్రహం ఉంటుంది. ప్రజాభిప్రాయ సేకరణలో ఆ నివేదికను తిరగేసి, 'ఈ పొరలోంచి నీరు అటు కాదు, ఇటు దిగుతుంది' అని చెప్పగల మనిషి, అదీ బిందె మోసిన ఇంటి నుంచి వచ్చిన మనిషి, మన పక్కన ఎందరున్నారు? ఆ నీళ్ళు తాగేవాళ్ళకు వాటి దారి తెలియకూడదని ఎక్కడ రాసుంది?

ఉద్యోగాలు లేవు కదా అంటారు. మూడేళ్ళ డిగ్రీతో పెద్ద ఉద్యోగం రాదన్నది నిజమే. జియలాజికల్ సర్వేలో చేరాలంటే యూపీఎస్సీ పరీక్ష రాయాలి, దానికి పీజీ ఉండాలి. కనుక పిల్లను తిరుపతికో కడపకో పంపి మరో రెండేళ్ళు చదివించాలి. 'అంతవరకూ పెళ్ళి ఆపమంటావా' అనేది అసలు ప్రశ్న. కొడుకు విషయంలో ఆ ప్రశ్న పుట్టదు. పైగా 2023-24లో రాష్ట్రంలో ఒకే మేజర్ విధానం వచ్చాక, ఇదివరకు మూడు సబ్జెక్టుల్లో ఒకటిగా పరిచయమయ్యే శాస్త్రాన్ని పదిహేడేళ్ళ పిల్ల ముందే తేల్చుకుని ఎంచుకోవలసి వచ్చింది. పేరే వినని దాన్ని ఎలా ఎంచుకుంటుంది?

ఈ సంచిక చదివే మిత్రులకు నా విజ్ఞప్తి. మీ జిల్లాలోని డిగ్రీ కాలేజీల జాబితా తీసుకుని భూగర్భశాస్త్రం ఎక్కడ ఉందో, మహిళా కాలేజీల్లో ఎక్కడ ఉందో గుర్తు పెట్టండి. గనులున్న ప్రతి జిల్లాలో కనీసం ఒక ప్రభుత్వ మహిళా కాలేజీలో ఈ కోర్సు కావాలని అడగండి. 2015 నుంచి గనుల ప్రాంతాల కోసం జిల్లా ఖనిజ నిధి ఉంది. ఆ నిధుల్లోంచి ఆడపిల్లల ఫీల్డు ఖర్చు, బస, వెంట ఒక అధ్యాపకురాలు, దారిలో మరుగుదొడ్డి ఇవ్వమనండి. అధికారులు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఫీల్డుకు వెళ్ళిన ఆడపిల్లల పటాలు విడిగా దిద్దమని, మగపిల్లల పటాలు చూసి ఎక్కించుకోమనే ఆచారాన్ని రాతపూర్వకంగా రద్దు చెయ్యమని ప్రిన్సిపాళ్ళను అడగండి. ఇది పైసా ఖర్చు లేని పని, వచ్చే విద్యా సంవత్సరానికే మొదలుపెట్టవచ్చు.